ఎఫ్ 1.2 లెన్స్ కొంటే పురుగు బాగా కనబడుతుందా?



పోయిన వారం పక్క ఊరి తమ్ముడొకడు ఫోన్ చేశాడు. ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చి మూడేళ్లయింది, ఈ మధ్యే పొలం వీడియోలు తీయడం మొదలుపెట్టాడు. "అన్నా, పసుపు డబ్బులు చేతికొచ్చినయి. 50 ఎంఎం ఎఫ్ 1.2 లెన్స్ తీసుకుందామనుకుంటున్నా. నీ వీడియోల్లో పురుగు సరిగ్గా కనపడట్లేదని జనం కామెంట్లు పెడుతున్నారు కదా, నాకట్లా రాకూడదు" అన్నాడు. నవ్వొచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా. వాడు చెప్పింది నిజమే. కాకపోతే పురుగు కనపడకపోవడానికి కారణం నా లెన్స్ కాదు. అసలు కారణమేంటో తెలుసుకోకుండా ఖరీదైన లెన్స్ మాట మాట్లాడుతున్నాడు కాబట్టి ఇది రాయాల్సి వచ్చింది. పైన పెట్టిన వీడియోలో పక్కపక్కన పెట్టి చూపించాను. దాని వెనక సంగతి ఇక్కడ చదవండి.

ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. పోయిన సీజన్లో మిర్చిలో ముడత కనిపించింది. మీ అందరికీ తెలిసిందే, ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. రెండిటికీ చేయాల్సిన పని వేరు. నేను పొద్దున్నే వెళ్లి ఎఫ్ 1.8లో ఫోటో తీసి మన గ్రూపులో పెట్టాను. చాలా అందమైన ఫోటో అండీ, వెనకంతా పచ్చగా మెత్తగా కరిగిపోయి, ఆకు మధ్య ఈనె ఒక్కటే కత్తిలా. పది మంది చప్పట్లు కొట్టారు. అయితే ఆకు అంచులు రెండూ బ్లర్. ముడత పైకా కిందికా అన్నది తేలలేదు. ఒకరు నల్లి అన్నారు, ఇంకొకరు తామర పురుగు అన్నారు, మరొకరు వైరస్ అన్నారు. వాదించుకుంటుండగానే వారం పోయింది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఎట్లా ఊడ్చేసిందో చూసినవాళ్లకు వారమంటే ఏంటో చెప్పక్కర్లేదు.

ఆ ఫోటోలో షార్ప్‌నెస్ లేదా అంటే, ఉంది. ఉండాల్సిన చోట లేదు.

ఇప్పుడు లెన్స్ సంగతి. 50 ఎంఎం లెన్సుల్లో మామూలుగా మూడు మెట్లుంటాయి. ఎఫ్ 1.8, ఎఫ్ 1.4, ఎఫ్ 1.2. ఈ అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్స్ లోపలి కన్ను పెద్దదవుతుంది. 50ని ఆ అంకెతో భాగిస్తే కన్ను వెడల్పు వస్తుంది. 1.8కి 28 మిల్లీమీటర్లు, 1.4కి 36, 1.2కి 42. చెరువు తూము అనుకోండి. తూము వెడల్పయితే నీళ్లెక్కువ, ఇక్కడ వెలుగెక్కువ. లెక్కేస్తే 1.8 కంటే 1.4కి ఒకటిన్నర రెట్లు పైన, 1.2కి రెండుంబావు రెట్లు వెలుగు లోపలికొస్తుంది. అంతే తేడా. ఈ అంకె షార్ప్‌నెస్ అంకె కాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ధర పెరిగేకొద్దీ షార్ప్‌నెస్ కూడా అదే వరసలో పెరుగుతుందనుకుంటారు.

నిజానికి కన్ను పెద్దదైతే లెన్స్ తయారుచేసేవాడికి కష్టం ఎక్కువ. అద్దం మధ్యలోంచి వచ్చిన వెలుగు ఒకచోట కలుస్తుంది, అంచుల్లోంచి వచ్చింది కొంచెం ముందో వెనకో కలుస్తుంది. అందుకే పూర్తిగా తెరిచినప్పుడు బొమ్మ మీద పల్చటి మజ్జిగ పోసినట్టు ఉంటుంది. గీత ఉంటుంది, గీత చుట్టూ పొగ ఉంటుంది. అపెర్చర్ కొంచెం మూస్తే అంచుల వెలుగు ఆగిపోయి పొగ విడిపోతుంది. మరీ మూసేస్తే, ఎఫ్ 16, 22 దాకా పోతే, సన్నటి సందులోంచి వచ్చే వెలుగు విచ్చుకుని మళ్లీ మెత్తబడుతుంది. ఏ లెన్స్‌కైనా ఈ రెండు చివరల మధ్యలో ఒక మంచి చోటు ఉంటుంది. మన 50 ఎంఎంలకు అది మామూలుగా ఎఫ్ 4 నుంచి 8 మధ్యలో.

మా బామ్మర్ది పెళ్లిళ్ల ఫోటోగ్రాఫరు. వాడి దగ్గర క్యానన్ పాత 50 ఎంఎం ఎఫ్ 1.4 ఉంది, 1993లో వచ్చిన మోడల్. నా దగ్గర 2015లో వచ్చిన 1.8 ఎస్‌టీఎం. ఒక వారం అడిగి తెచ్చుకున్నాను. "బావా, జాగ్రత్త, పొలంలో కింద పడేస్తావ్" అని వందసార్లు చెప్పి ఇచ్చాడు. గోడకి దినపత్రిక అంటించి, కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, చెయ్యి తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టి తీశాను. ప్రతి అపెర్చర్‌లో ఐదు ఫోటోలు, ప్రతిసారీ ఫోకస్ చెడగొట్టి మళ్లీ చేసి. ఇది ముఖ్యం. ఒక్క ఫోటో తీసి ఈ లెన్స్ మెత్తగా ఉందనడం, ఒక్క మొక్క పీకి పొలమంతా వేరుకుళ్లనడం లాంటిదే. ఐదింట్లో రెండు ఫోకస్ తప్పినవే ఉంటాయి, అది లెన్స్ షార్ప్‌నెస్ కిందికి రాదు.

వచ్చిందేంటంటే, 1.4 లెన్స్ పూర్తిగా తెరిస్తే చిన్నక్షరాలు చదవొచ్చు గానీ నలుపు నలుపుగా లేదు, బూడిద రంగు. మూలల్లో అక్షరాలు సాగినట్టున్నాయి. ఎఫ్ 2కి మూయగానే బాగా తేరుకుంది, ఎఫ్ 2.8కి మధ్యభాగం కరకరలాడింది. నా 1.8 పూర్తిగా తెరిచినప్పుడు కొంచెం మెత్తన, 2.8కి వచ్చేసరికి అదీ బాగుపడింది. ఎఫ్ 5.6 ఫోటోలు రెండూ మా అమ్మాయికి పేర్లు దాచి చూపించాను. ఏది ఏదో చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను, మళ్లీ ఫైల్ పేరు చూసుకోవాల్సి వచ్చింది. ఇవి నా చేతికొచ్చిన రెండు పీసుల ఫలితం మాత్రమే, అది కూడా గుర్తు పెట్టుకోండి. ఒకే మోడల్‌లో పీసుకీ పీసుకీ తేడా ఉంటుంది. అమెరికాలో లెన్సులు అద్దెకిచ్చే లెన్స్‌రెంటల్స్ సంస్థ పెట్టిన రోజర్ సికాలా, ఒకే మోడల్ పీసులు చాలా తెచ్చి యంత్రం మీద కొలిచి ఈ సంగతే ఏళ్ల తరబడి రాశాడు. ఒక పీసు చూసి మోడల్ మొత్తానికి మార్కులేసేవాళ్ల మాట నేను సగమే నమ్ముతాను.

మరి 1.2 సంగతి? క్యానన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.2 ఎల్, 2006లోది. అర కిలో పైన బరువు. ముఖాలు తీస్తే దాని అందమే వేరు, కాదనను. కానీ దాన్ని వాడినవాళ్లందరికీ తెలిసిన జబ్బొకటుంది. దగ్గర వస్తువు మీద పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత అపెర్చర్ కొంచెం మూసి తీస్తే ఫోకస్ వెనక్కి జారుతుంది. పురుగు మీద ఫోకస్ పెడితే పురుగు వెనకున్న ఆకు షార్ప్‌గా వస్తుంది. మనకు కావాల్సిన పనికే అది అడ్డం. ఎఫ్ 5.6 దగ్గర దానికి పెట్టిన అదనపు డబ్బుకి తగ్గ అదనపు షార్ప్‌నెస్ కూడా లేదు. తమ్ముడు అడుగుతున్నది మాత్రం కొత్త మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ 1.2, 2018లోది. అది వేరే జాతి, పూర్తిగా తెరిచినా నిజంగా షార్ప్. 950 గ్రాములు మరి.

షార్ప్‌నెస్‌కి డబ్బు పెడితే రాదని నేను అనడం లేదండీ. 1896లో జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ గీసిన ప్లానార్ నమూనాకి పిల్లలే మన చవక 50 ఎంఎంలు. ఆరేడు అద్దాలు, తేలిక, చవక. నూరేళ్లు అరగదీసి మెరుగుపెట్టిన నమూనా కాబట్టే క్యానన్ 1.8 ఎస్‌టీఎం 160 గ్రాముల్లో, 125 డాలర్లకు ఇవ్వగలిగారు. 2013లో జైస్ వాళ్లే ఆ దారి వదిలేసి ఓటస్ 55 ఎంఎం ఎఫ్ 1.4 తెచ్చారు. పన్నెండు అద్దాలు, దాదాపు కిలో, ధర 4,000 డాలర్ల దగ్గర, పైగా ఆటోఫోకస్ కూడా లేదు. పూర్తిగా తెరిచినప్పుడే మూలదాకా షార్ప్. తర్వాతి ఏడాది సిగ్మా ఆర్ట్ 50 ఎఫ్ 1.4 వచ్చి, 949 డాలర్లకే దానికి దగ్గర దాకా వెళ్లింది. 2018లో నికాన్ జడ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్ వచ్చాక 1.8 అంటే మెత్తన అనే మాట కూడా పోయింది, దాన్లో పన్నెండద్దాలు. అంటే ఒకే 1.8 అంకె మీద ఒకటి 160 గ్రాములు, ఒకటి 415 గ్రాములు. అంకె చూసి లెన్స్ కొనొద్దని చెప్పేది ఇందుకే.

కానీ ఈ గొప్ప తేడాలన్నీ ఎక్కడున్నాయి? ఎఫ్ 1.4, ఎఫ్ 2 దగ్గర. మూలల్లో. మనం పురుగును ఎఫ్ 1.4లో తీస్తామా?

దగ్గరికెళ్లి తీసేటప్పుడు ఎంత లోతు ఫోకస్‌లో ఉంటుందో లెక్క ఉంది. మనలో చాలామంది దగ్గరున్నవి చిన్న సెన్సర్ కెమెరాలే. నా 1.8 లెన్స్‌తో వీలైనంత దగ్గరికి, 35 సెంటీమీటర్లకు పోయి ఎఫ్ 1.8లో తీస్తే సుమారు 2 మిల్లీమీటర్ల లోతే షార్ప్‌గా ఉంటుంది. ఎఫ్ 8లో 9 మిల్లీమీటర్లు. ముడుచుకున్న మిరపాకు 2 మిల్లీమీటర్ల మందంలో ఇముడుతుందా? నా ఫోటోకి జరిగింది ఇదే. ఎఫ్ 8లో తీసుంటే రెండంచులూ కనపడేవి, ఆ వారం మిగిలేది. ఆ ఎఫ్ 8లో నా లెన్సూ బామ్మర్ది లెన్సూ ఒకటే.

ఇంకో విచిత్రం చూడండి. ఎక్కువ ధర పెట్టిన 1.4 లెన్స్ 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి పోనివ్వదు. చవకది 35 దాకా పోనిస్తుంది. ఒక మిల్లీమీటరు తామర పురుగు సెన్సర్ మీద 1.4లో 0.15 మిల్లీమీటర్లు పడితే 1.8లో 0.21 పడుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అది 40 చుక్కలకీ 57 చుక్కలకీ ఉన్న తేడా. ఏ షార్ప్‌నెస్ పట్టికలోనూ ఈ సంగతి రాయరు, ఎందుకంటే వాళ్లు కొలిచేది దూరంగా పెట్టిన చదునైన కాగితాన్ని. మన పంట చదునుగా ఉండదు.

పురుగే కావాలంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ కొనుక్కోండి. లోపల అద్దం లేని ఖాళీ గొట్టం అది, కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెడతారు. 25 మిల్లీమీటర్ల గొట్టం పెడితే అదే పురుగు 57 చుక్కల నుంచి దాదాపు 190 చుక్కలకు పెరుగుతుంది. ఖరీదైన 1.2 లెన్స్ ఒంటరిగా ఆ పని చేయలేదు. కాకపోతే అప్పుడు ఎఫ్ 8లో కూడా ఫోకస్ లోతు ఒక్క మిల్లీమీటరే, ఊపిరి బిగబట్టి తీయాలి. కొనేటప్పుడు లోపల కరెంటు కాంటాక్టులున్న గొట్టం చూసి తీస్కోండి, లేకపోతే అపెర్చర్ మూయడం కుదరదు. నేను మొదట అవి లేనిది కొని మూలన పడేశాను.

ఫోటో సంగతి అది. వీడియో సంగతి ఇంకా ఘోరం. ఫోటోలో 57 చుక్కలున్న పురుగు 4కే వీడియోలో 36 చుక్కలవుతుంది, మామూలు హెచ్‌డీలో 18. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో మన రైతు ఫోన్లో అది 360లో ఆడుతుంటే పురుగుకి దక్కేది 6 చుక్కలు. ఆరు చుక్కల్లో జైస్ ఏది, చైనా లెన్స్ ఏది? బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

పైగా ఎండ. మిట్టమధ్యాహ్నం మన ఎండలో సెకనుకు 25 ఫ్రేముల వీడియో తీయాలంటే షట్టర్ 50 దగ్గర పెట్టాలి, ఐఎస్ఓ 100 అయినా అపెర్చర్ 22 దాకా మూయాల్సొస్తుంది. అక్కడ ఏ లెన్సయినా మెత్తబడుతుంది. దాన్ని ఎఫ్ 8కి తెచ్చుకోవాలంటే వెలుగును ఎనిమిదో వంతుకి తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ చాలు, నల్లద్దాల కళ్లజోడు లాంటిది. అదే ఎండలో ఎఫ్ 1.4 వాడాలంటే ఎన్‌డీ 256 కావాలి. అంటే 1.4 కన్ను తెరవడానికి డబ్బిచ్చి, వచ్చిన వెలుగులో 256వ వంతు మాత్రం ఉంచుకోవడానికి మళ్లీ డబ్బివ్వాలి. తూము వెడల్పు చేయించి దానికి గోనెసంచులు అడ్డం పెట్టినట్టు.

మరి 1.4 ఎవరికి? బామ్మర్దికి. తెల్లవారుజాము ముహూర్తం, మండపంలో మసక వెలుగు, ఫ్లాష్ వేస్తే పురోహితుడు విసుక్కుంటాడు. అక్కడ ఆ ఒకటిన్నర రెట్ల వెలుగు వాడికి అన్నం పెడుతుంది. కొంచెం పొగగా ఉన్నా పెళ్లికూతురి ముఖానికి అదీ అందమే. మనకూ అట్లాంటి చోట్లున్నాయి, లేకపోలేదు. రాత్రిపూట కొట్టంలో ఆవు ఈనేటప్పుడు, దీపపు ఎర దగ్గర ఏ పురుగులు పడుతున్నాయో చూపించేటప్పుడు. ఏడాదికి ఎన్ని రాత్రులు అట్లా తీస్తామో ఎవరికి వాళ్లు లెక్కేసుకోండి. నాకైతే చేతివేళ్లకు మించవు.

ఇక వెనకంతా మసకగా కరిగించే మోజు గురించి కొంచెం కోపంగానే చెప్పాలి. ఈ మధ్య పొలం వీడియోల్లో రైతు ముఖం షార్ప్‌గా, వెనక పచ్చటి మబ్బు. చూడ్డానికి సినిమాలా ఉంటుంది. కానీ చూసే రైతుకు కావాల్సింది ఆ మబ్బే కదండీ. కలుపు ఎంతుంది, ఆచ్ఛాదన ఎట్లా వేశారు, సాళ్ల మధ్య ఏం పెట్టారు, చివరి మడిలో కూడా పంట అట్లానే ఉందా. రెండు మీటర్ల దూరంలో నిలబడిన మనిషిని పెద్ద సెన్సర్ మీద ఎఫ్ 1.4లో తీస్తే పదమూడు సెంటీమీటర్ల మందమే షార్ప్. మనిషి చెవి దాటాక పొలం మాయం. అట్లాంటి వీడియో చూసినప్పుడల్లా ఈయన ఏం దాస్తున్నాడోనని నాకు అనుమానమొస్తుంది. ఏమీ దాచకపోవచ్చు, పాపం లెన్స్ కొన్నాడు కాబట్టి తెరిచిపెట్టాడు. కానీ మన మాట నమ్మాలంటే మన పొలం కనపడాలి. ఎఫ్ 8 పెట్టండి, పొలం కనపడనివ్వండి.

రంగుల సంగతి ఒకటి మరిచాను. పూర్తిగా తెరిచిన వేగం లెన్సుల్లో వెలుగు మీద పడే అంచుల చుట్టూ ఊదారంగు గీత వస్తుంది, ఫోకస్ వెనక భాగంలో ఆకుపచ్చ గీత వస్తుంది. ఆకాశం వెనక పెట్టి మొక్కజొన్న ఆకు తీస్తే అంచు ఊదాగా కనిపించి భాస్వరం లోపమేమోనని ఒకాయన నన్నడిగాడు. పొలంలో ఆకు శుభ్రంగా ఉంది. ఎఫ్ 4కి మూసి తీస్తే ఆ ఊదా చాలావరకు పోయింది.

షార్ప్‌నెస్‌కి అసలు శత్రువు ఎవరంటే, నా అనుభవంలో గాలి. ఆకు ఊగుతుంటే ఏ లెన్స్ ఏం చేస్తుంది. పొద్దున ఎనిమిదిలోపు గాలి తక్కువ, మంచు కూడా ఉంటుంది, పురుగులు బద్ధకంగా కూర్చుంటాయి. ఫోటోకి షట్టర్ 500 పైన పెట్టండి, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ పెంచండి, కొంచెం గింజ గింజగా వచ్చినా ఫరవాలేదు. ఆకు వెనక్కి తిప్పి ఇంకో ఫోటో తీయండి. రెండో శత్రువు లెన్స్ ముందద్దం మీద జీవామృతం తుంపర, దుమ్ము. బొటనవేలితో తుడిచేవాళ్లను చూశాను. అద్దం మీద జిడ్డు పట్టిన ఎఫ్ 1.2 కంటే శుభ్రంగా ఉన్న ఎఫ్ 1.8 మేలు.

తమ్ముడికి ఇదంతా ఫోన్లోనే చెప్పాను. "అయితే అన్నా, 1.8 కొని మిగతా డబ్బులు?" అన్నాడు. గొట్టం ఒకటి, ఎన్‌డీ ఫిల్టర్ ఒకటి, కదలని ట్రైపాడ్ ఒకటి, గాలి చప్పుడు రాకుండా బొచ్చు తొడుగున్న మైకు ఒకటి కొనమన్నాను. బొమ్మ కొంచెం మెత్తగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే అర నిమిషంలో పోతారు. చిన్న సెన్సర్ కెమెరా మీద 50 ఎంఎం అంటే 80 ఎంఎంలా పనిచేస్తుంది, మనిషినీ మడినీ కలిపి తీయడానికి వెనక్కి నడవాలి, గట్టు మీద చోటుండదు కాబట్టి పొలం మొత్తం చూపించడానికి కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ పారేయొద్దని కూడా చెప్పాను. అన్నీ కలిపినా వాడనుకున్న దాంట్లో మూడో వంతు కూడా కాదు. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు లెండి. "ఆ ఓటస్ అద్దెకు దొరుకుతుందా అన్నా, ఒక్కసారి చూడాలని ఉంది" అన్నాడు. అది కోరిక, దానికి నా దగ్గర మందు లేదు.

శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, లెన్స్ తిరిగివ్వమని బామ్మర్ది రోజూ ఫోను. రేపు పంపించేస్తాను. మా ఆవు ఈ రాత్రికో రేపు తెల్లారేలోపో ఈనేట్టుంది, కొట్టంలో ఒక్క బల్బే ఉంది. ఈ పూటకు మాత్రం కెమెరాకి ఆ 1.4నే తగిలించి పెట్టాను.